పేరు కాదు, లోగుట్టు చూడండి

పెళ్ళి సంబంధం వస్తే ఇంటిపేరు ఒక్కటే విని తాంబూలాలు పుచ్చుకునేవారెవరూ ఉండరు. పిల్లవాడి చదువేమిటి, గుణమేమిటి అని పదిచోట్ల ఆరా తీస్తారు. అంత తెలివైన మనమే యంత్రాలు కొనేటప్పుడు మాత్రం అట్టపెట్టెమీది పేరు చూసి డబ్బు చెల్లించి వచ్చేస్తాం!

మా మేనల్లుడికి పాత సామాన్లంటే మోజు. ఈమధ్య షార్ప్ కంపెనీవారి జారస్ ఎస్‌ఎల్-5500 అనే చేతి కంప్యూటరు ఎవరి దగ్గరో కొన్నాడు. 2002లో అమెరికా బజారుకు వచ్చిన సరుకది. అరచేతిలో ఇమిడిపోతుంది. నడిపించేది లినక్సు. కాని అందులో వైఫై లేదు. కాంపాక్ట్ ఫ్లాష్ అరలో వేరే కార్డు దూర్చాలి.

"ఏ కంపెనీది కొనమంటావు మామయ్యా?" అన్నాడు.

తెలుగు మాష్టారికి ఈ గొడవెందుకంటారా? ఇరవై ఏళ్ళుగా లినక్సు మీదనే పాఠాలు రాసుకుంటున్నవాణ్ణి లెండి.

"కంపెనీ సంగతి తరవాత. లోపలి చిప్పు ఎవరిదో ముందు అడుగు" అన్నాను.

లినక్సుకు కార్డు పేరుతో పనిలేదు. లోపలి చిప్పుతో మాట్లాడగల దుబాసీ కావాలి, దాన్నే డ్రైవరంటారు. ఆ రోజుల్లో ఇంటర్‌సిల్ వారి ప్రిజం చిప్పులకు మంచి దుబాసీలు ఉండేవి. చిక్కేమిటంటే, పేరు మారకుండానే చిప్పు మారిపోవడం కద్దు. ల్యాప్‌టాపుల్లో పెట్టే లింక్‌సిస్ డబ్ల్యుపీసీ11 కార్డునే తీసుకోండి: మూడవ వెర్షనులో ప్రిజం చిప్పు, నాలుగవ వెర్షనులో రియల్‌టెక్ చిప్పు. పేరు మాత్రం ఒకటే! అందుకే వీపుమీది చీటీలో వెర్షను నెంబరు చూడాలి.

రెండో ప్రశ్న, అర. కాంపాక్ట్ ఫ్లాష్ కార్డులు రెండు మందాల్లో ఉంటాయి: 3.3 మిల్లీమీటర్లు, 5 మిల్లీమీటర్లు. లావుది సన్నని అరలో దూరదు. ల్యాప్‌టాపు కార్డయితే ఆ అరలో అసలే పట్టదు. పట్టిన కార్డు కూడా చిన్న బ్యాటరీని చకచకా తాగేస్తుంది.

మూడో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం: తాళం. ఆ కాలపు వైఫై తాళం పేరు వెప్. దాన్ని ఛేదించే మార్గాన్ని 2001లోనే పరిశోధకులు బయటపెట్టారు. దాని స్థానంలో డబ్ల్యుపీఏ వచ్చింది 2003లో. 2002 నాటి జారస్‌కు పుట్టుకతో తెలిసింది వెప్ ఒక్కటే.

"అయితే మన రూటరులో వెప్ పెట్టేస్తే పోలా?" అన్నాడు మావాడు.

ఇంటిల్లిపాది ఫోన్లూ, కంప్యూటర్లూ ఆ రూటరు మీదనే నడుస్తున్నాయి. ఒక ముసలాయనకు తాళం తీయడం చేతకాదని వీధి తలుపు బార్లా తెరిచి పడుకుంటామా?

"వద్దు నాయనా! ప్రిజం చిప్పున్న కార్డు దొరికితే చూద్దాం. హోస్ట్‌ఏపీ డ్రైవరు, డబ్ల్యుపీఏ సప్లికెంట్ అనే ప్రోగ్రాము తోడైతే దానిచేత కొత్త తాళం తీయించే ఆశ ఉంది. అంతదాకా యూఎస్‌బీ తీగతో బల్లమీది కంప్యూటరుకు తగిలించుకో" అన్నాను.

మీ ఇంట్లోనూ ఇలాంటి పాత నేస్తం ఉంటే, బేరానికి ముందు ఈ మూడు ప్రశ్నలూ అడగండి. కార్డు వీపు ఫొటో పంపమనండి. పంపడానికి అమ్మేవాడు నీళ్ళు నమిలితే, ఎంత చవకైనా ఆ సరుకు మనకొద్దు.