ఎత్తు పెంచిన ట్రక్కుకు ఇరుసు లెక్క

అమెరికాలో పికప్ ట్రక్కును ఎత్తు చేయించి మురిసిపోయేవారు వెనుక ఇరుసు సంగతి చివరికిగాని తలచరు. నా మట్టుకు అది మొదట తేల్చుకోవలసిన లెక్క. నిజానికి ఎత్తుకూ గేరుకూ చుట్టరికం లేదు; పేచీ అంతా ఆ ఎత్తులో పట్టే పెద్ద టైరుతోనే.

3.55 నిష్పత్తి అంటే, చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్టు 3.55 చుట్లు తిరగాలి. 31 అంగుళాల టైరు తీసి 35 వేస్తే అది 3.14 అయినట్టే. కొండెక్కేటప్పుడు ఇంజను రొప్పుతుంది. స్పీడోమీటరు (సరిచేయించకపోతే) 60 చూపే వేళకు బండి దాదాపు 68 మైళ్ళ వేగంలో ఉంటుంది! పాత సత్తువ రావాలంటే 3.55ను 35తో హెచ్చవేసి 31తో భాగించండి: 4.01. దొరికేవాటిలో దగ్గరిది 4.10.

చాలామంది అక్కడ ఆగుతారు. నేను ఆగను. పెద్ద టైరు బరువూ, ఎత్తుబండికి ఎదురయ్యే గాలీ ఈ లెక్కలోకి రావు. ట్రైలరు లాగేవారికి 4.56 మేలు. హైవే మీద ఇంజను వడిగా తిరిగి చప్పుడు పెరుగుతుంది, ఒప్పుకుంటాను. పది గేర్ల ఆటోమేటిక్ ఉన్నవారికి ఈ తొందర తక్కువ.

ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు ఇరుసుకూ అదే నిష్పత్తి వేయించక తప్పదు, ఖర్చు దాదాపు రెట్టింపు. అంత పెట్టలేనివారు 33 అంగుళాల టైరుతో సరిపెట్టుకోవచ్చు. అప్పుడు 3.55 కాస్తా 3.33 అవుతుంది, బండి ఓర్చుకుంటుంది.