తగ్గిన గ్రేడు తలరాత కాదు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో డిగ్రీలో చేరిన మన పిల్లలు కొందరు మొదటి సెమిస్టరు ఫలితాలు చూసి కుంగిపోతున్నారు. ఉర్దూ మాధ్యమం నుండి ఒక్కసారిగా ఇంగ్లీషు పాఠాలకు మారడం, సాయంత్రాలు దుకాణాల్లో పనిచేయవలసి రావడం ఇందుకు ముఖ్య కారణాలు. దీనికి తెలివితక్కువతనమనే ముద్ర వేయడం అన్యాయం.

ప్రముఖ కళాశాలల డిగ్రీ విద్యార్థులలో పాతికమందికి ఒక్కరే ముస్లిమని సచార్ కమిటీ 2006లో తేల్చింది. కష్టపడి కళాశాల గడప తొక్కినవారు గ్రేడుల దగ్గర ఆగిపోరాదు.

లెక్క వారికి అనుకూలంగానే ఉంది. మొదటి రెండు సెమిస్టర్లలో సగటు 5 వచ్చినా, మిగిలిన నాలుగింటిలో 7.5 సాధిస్తే, క్రెడిట్లు సమానమైనప్పుడు తుది సగటు 6.67కు చేరుతుంది. అందుకే ఎక్కువ క్రెడిట్లున్న బ్యాక్‌లాగులను ముందుగా పూర్తిచేయాలి. ఇంటర్నల్ మార్కులను వదులుకోరాదు.

భారమంతా విద్యార్థిపైనే మోపడం తగదు. మైనారిటీలకు కూడా వర్తించే రెమెడియల్ తరగతుల పథకాన్ని యూజీసీ గతంలోనే రూపొందించింది. మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయ అనుబంధ కళాశాలలు మొదటి సెమిస్టరులోనే ఇటువంటి తరగతులు నడపాలి. మస్జిద్ కమిటీలు ఇషా నమాజు తర్వాత చదువుకు ఒక గది కేటాయించాలి. సీటు ఇచ్చి చేయి వదిలేయడం సమానావకాశం అనిపించుకోదు.