చౌడు మిద్దెకూ బిల్లు ఇప్పించండి

కర్నూలు జిల్లా కలెక్టర్ గారికి,

తుగ్గలి మండలం జొన్నగిరి నుంచి రాస్తున్నాను. మా పాత మిద్దెల్లో నడివేసవి మధ్యాహ్నం కూడా కునుకు తీయొచ్చు. స్లాబు ఇళ్లలో రాత్రి భోజనాల వేళకు కూడా గోడ మీద చెయ్యి పెడితే వేడి తగులుతుంది. మిద్దెకు మందపాటి రాతి గోడ, మట్టి అడుసు, దూలాలు, పైన చౌడు మట్టి, అన్నీ ఇక్కడ దొరికేవాటితోనే. చౌడులో సోడియం లవణాలుంటాయి. తడవగానే బంకమట్టి రేణువులు విడిపోయి సందులు పూడ్చేస్తాయి, నీళ్లు దిగవు. అందుకే పెద్దలు ఏటా తొలకరికి ముందే కొత్త చౌడు పోసి వాలు సరిచేసేవారు. ఆ పని ఆగిపోయిన మిద్దెలే ముసురుకు కూలుతున్నాయి.

2016లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ మార్గదర్శకాలు స్థానిక సామగ్రి వాడమనే చెబుతాయి. సర్వేలో మాత్రం మట్టి గోడ, మట్టి కప్పు ఉంటే కచ్చా ఇల్లే, అందుకే చౌడు మిద్దె కట్టుకుంటే ఆ పథకం బిల్లు రాదు. ఇది మాకు అన్యాయం సార్.

కలప కరువైతే రాతి దూలాల మీద బేతంచెర్ల బండలు పరిచి, ఆపైన చౌడు వేయించవచ్చు. ఇంజనీర్లతో భారం లెక్క కట్టించి, మా ఊళ్లో ఒక నమూనా ఇల్లు కట్టించండి. అది నిలిస్తే అలాంటి ఇంటికీ బిల్లు మంజూరు చేయండి. చౌడు పరచడం తెలిసినవాళ్లు ముసలివాళ్లయ్యారు. వాళ్లకు కూలి ఇచ్చి కుర్రాళ్లకు నేర్పించే పని ఈ వేసవిలోనే మొదలుపెట్టించండి.

ఇట్లు,
జొన్నగిరి గ్రామస్థుడు