పసిపిల్లల పుస్తకంపై చాటు పన్ను

అక్షరం రాని బిడ్డకు పుస్తకంతో చెలిమి కలిపేది బొమ్మ. ఈ సంగతి గుర్తెరిగిన వ్యంగ్య చిత్రకారుడు శంకర్ 1957లో ఢిల్లీలో చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్‌ను నెలకొల్పారు. అదే సంవత్సరం ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్ట్, తదనంతరం నెహ్రూ బాల పుస్తకాలయం పేరిట రంగుల బొమ్మల పుస్తకాలను తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో చౌకగా అందించింది. మిక్కీ పటేల్ రాసి బొమ్మలు గీసిన రూపా అనే ఏనుగు కథ ఆ వరుసలోనిదే.

2017 జులైలో జి.ఎస్.టి. అమలులోకి వచ్చినపుడు పిల్లల బొమ్మల పుస్తకాలకు పన్ను మినహాయించారు. అయితే ఈ మినహాయింపు పైపై ఊరట మాత్రమే. కాగితం మీద, ముద్రణ మీద ప్రచురణకర్త పన్ను చెల్లించక తప్పదు. పుస్తకంపై పన్ను లేనందున ఆ సొమ్మును సర్దుబాటు చేసుకునే వీలు అతనికి లేదు. చివరకు ఆ భారం ధరలో కలిసి తల్లిదండ్రులపై పడుతున్నది. మందపు కాగితం, నాలుగు రంగుల అచ్చు కోరే బొమ్మల పుస్తకానికి ఈ బరువు మరింత ఎక్కువ.

విచిత్రమేమంటే, అదే పుస్తకం విదేశానికి ఎగుమతి అయితే చెల్లించిన పన్ను వాపసు పొందవచ్చు. మన పల్లెలోని అంగన్‌వాడీకి చేరితే మాత్రం ఆ సదుపాయం లేదు!

ఇంటర్నెట్‌లో ఉచితంగా కథలు దొరుకుతున్న మాట నిజమే. కాని మూడేళ్ల బిడ్డ చేతితో తిప్పవలసింది పుట. ఎగుమతులకు వర్తించే పన్ను వాపసును దేశంలోని బాలల పుస్తకాలకూ వర్తింపజేయడం జి.ఎస్.టి. మండలి కనీస కర్తవ్యం.