అరకులో ఎన్ని వాట్లు కావాలి?

"నలభై వేలుంది. పాటలకీ సినిమాలకీ రెండిటికీ పనికొచ్చే రిసీవర్ ఒకటి చెప్పరా. వాట్లు మాత్రం ఎక్కువుండాలి." ఇదీ మా వాడి రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటు. మొత్తం మూడు వాక్యాలు. మన క్లయింట్లతో పోలిస్తే చాలా నయం :)

వాడు ఇంజనీరింగ్‌లో నా క్లాస్‌మేట్. నాలుగేళ్ళు బెంగుళూరులో చేసి, ఇప్పుడు అరకు దగ్గర సొంతూరికి వెళ్ళిపోయి అక్కణ్ణుంచే పని చేసుకుంటున్నాడు. వినేది ఎక్కువగా ఇళయరాజా, ఘంటసాల. రాత్రిపూట ఇంటిల్లిపాదీ కూర్చుని ఓ సినిమా. ఇవి కాక ఇంకోటుంది. ఇటుకల పండగలప్పుడు వాళ్ళ ఊళ్ళో థింసా ఆడుతుంటే చిన్న రికార్డర్‌తో మూడేళ్ళ పాటు రికార్డు చేసి పెట్టుకున్నాడు. తుడుము, డప్పు, కిరిడి, మోరి.. అన్నీ ఉన్నాయందులో. ఆ మోరి ఊదిన పెద్దాయనకి ఇప్పుడు ఊపిరి చాలటం లేదు, ఊదటం మానేశారు. ఆయన తర్వాత ఆ ఊళ్ళో ఊదేవాళ్ళు లేరు. ఆయన్ని కూర్చోబెట్టి ఇవన్నీ వినిపించాలని మా వాడి కోరిక. వాట్లు ఎక్కువుండాలన్నది అందుకే, డప్పు దద్దరిల్లాలి కదా మరి!

నా మటుకు నాకు ఈ వాట్ల పిచ్చే మనవాళ్ళ డబ్బులు ఎక్కువగా తగలేసేది అనిపిస్తుంది. చిన్నప్పుడు టేప్‌రికార్డర్ల మీద, కంప్యూటర్ స్పీకర్ల మీద '1000 వాట్స్ పీఎంపీవో' అని రాసుండేది గుర్తుందా? అరచేతిలో పట్టే డబ్బాకి వెయ్యి వాట్లు! ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిన రెజ్యూమె లాంటిదది, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడిపోతుంది. పేరున్న కంపెనీలు అంత దారుణంగా రాయవు గానీ, అక్కడా చిన్నక్షరాలు చదవాలి. 2018లో వచ్చిన సోనీ ఎస్‌టీఆర్-డీహెచ్590 సంగతే చూడండి. పైన కనిపించేది ఛానెల్‌కి 145 వాట్లు. అది 1 కిలోహెర్ట్జ్ దగ్గర, 0.9 శాతం డిస్టార్షన్‌తో కొలిచింది. అదే పెట్టెకి రెండు ఛానెళ్ళు కలిపి నడుపుతూ, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, 0.09 శాతం డిస్టార్షన్‌తో ఇచ్చిన లెక్క 90 వాట్లు. అబద్ధం ఎక్కడా లేదు, కొలత మారింది అంతే. కాబట్టి రెండు రిసీవర్లని పోల్చేటప్పుడు 'రెండు ఛానెళ్ళు, 20 నుంచి 20 వేలు' అన్న లైను మాత్రమే చూడాలి. మిగతావి షాపువాడు చదువుకుంటాడు.

సరే, అసలు ఎన్ని కావాలి? ఒక మామూలు స్పీకర్‌కి 1 వాటు ఇస్తే మీటరు దూరంలో 87 డెసిబెల్స్ దాకా వస్తుంది. గదిలో రెండు స్పీకర్లు పెట్టి మూడు మీటర్ల దూరంలో కూర్చుంటే సుమారు 80 దాటి వినిపిస్తుంది. పాటలు కాస్త గట్టిగా వినేవాళ్ళకి 75 సరిపోతుంది. అంటే పావు వాటు! నిజంగానే పావు వాటు. కానీ తుడుము మీద కర్ర పడ్డ క్షణం ఉంటుంది చూశారూ, అది మిగతా శబ్దం కన్నా 15, 20 డెసిబెల్స్ పైకి లేస్తుంది. 20 డెసిబెల్స్ అంటే వంద రెట్ల పవర్. పావు వాటుకి వంద రెట్లంటే పాతిక వాట్లు. నిజాయితీగా 50 వాట్లిచ్చే రిసీవర్ దానికి సగం ఖాళీగా ఉండి చేస్తుంది. 50 నుంచి 100 వాట్లకి పోతే పెరిగేది 3 డెసిబెల్సే. అదే 3 డెసిబెల్స్ 87 బదులు 90 సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ కొన్నా వస్తాయి.

ఇక్కడే అరకు సంగతి రావాలి. హైదరాబాదు ఫ్లాట్‌లో ఫ్యాను, ఏసీ, కింద రోడ్డు మీద హారన్లు.. వీటన్నిటి మీదుగా పాట వినాలి కాబట్టి వాల్యూమ్ పెంచుతాం. అరకులో చలికాలం రాత్రి ఎనిమిదయ్యాక ఏముంటుంది? ఫ్యాను కూడా తిరగదు. చుట్టూ నిశ్శబ్దం పది డెసిబెల్స్ ఎక్కువుందనుకుంటే, అదే పాట అంతే స్పష్టంగా వినటానికి పదో వంతు పవర్ చాలు. సిటీలో ఉండే నాకన్నా వాడికి చిన్న రిసీవర్ సరిపోతుంది, కానీ నాకన్నా మంచి స్పీకర్ కావాలి. ఎందుకంటే అంత నిశ్శబ్దంలో స్పీకర్ చేసే ప్రతి తప్పూ వినిపిస్తుంది. ఇక వానాకాలం అంటారా, రేకుల కప్పు మీద కొండవాన పడుతుంటే వెయ్యి వాట్లైనా ఓడిపోవలసిందే. ఆ రెండు గంటలూ సినిమా ఆపుకుని కాఫీ తాగటమే. అక్కడ కాఫీకి కరువా :)

కాబట్టి నా సలహా, నలభై వేలలో సగం పైన రెండు స్పీకర్లకి పెట్టమని. ఐదు కాదు, రెండు. ఇదంటే హోమ్ థియేటర్ వీరాభిమానులు ఒప్పుకోరు, వెనక స్పీకర్ల నుంచి హెలికాప్టర్ రాకపోతే అది థియేటరే కాదంటారు. వాళ్ళ సరదాని కాదనను. కానీ ఒకే పెట్టెలో ఐదు బుల్లి స్పీకర్లూ ఒక సబ్‌వూఫరూ పెట్టి ఈ ధరలో అమ్మే సెట్లలో సాధారణంగా ఆ బుల్లివాటికి మగవాడి గొంతు కింది భాగం కూడా సరిగ్గా పలకదు. ఆ భారమంతా సబ్‌వూఫర్ మోస్తుంది, ఒకే మోతతో 'ధుమ్ ధుమ్' అంటుంది. ఘంటసాల గొంతు రెండు ముక్కలైపోతుంది. ఇక తుడుమూ డప్పూ వేరువేరు వాయిద్యాలన్న సంగతే తెలీదు. తుడుముని, డప్పుని జీవితమంతా పక్కన నిలబడి విన్న మనిషికి వినిపించబోయేది ఆ మోతా? ఆయన ఏమీ అనరు, మర్యాదకి తలూపి వెళ్ళిపోతారు.. నాకు నచ్చనిది అదే.

సినిమాకి రెండు స్పీకర్లు ఎలా అంటే.. రిసీవర్ సెటప్‌లో 'సెంటర్ లేదు, సరౌండ్ లేదు' అని చెప్తే డైలాగులు రెండిట్లోకీ సమానంగా పంచుతుంది. మధ్యలో కూర్చుంటే మాట తెర మీంచే వస్తున్నట్టు ఉంటుంది. వచ్చే ఏడాది బోనస్ వస్తే సెంటర్, ఆ తర్వాత వెనకవి. ఈ కారణంగానే స్టీరియో యాంప్లిఫయర్ కాకుండా 5.1 రిసీవరే చెప్పాను, పెంచుకునే దారి ఉంటుంది. సినిమాలే చూడనివాళ్ళైతే మాత్రం స్టీరియోదే కొనుక్కోవాలి.

కొత్త మోడలే అక్కర్లేదు కూడా. 8కే, ఈ-ఆర్క్, అట్మాస్ అంటూ బాక్సు మీద ముద్రలు చూసి డబ్బు పెంచకండి. ఇప్పుడు సినిమా టీవీలోని యాప్‌లోంచే వస్తోంది, బొమ్మ రిసీవర్ దాకా రానే రాదు. శబ్దం మాత్రం ఆర్క్ ద్వారా వెనక్కి రావాలి. ఆర్క్ 2009లో హెచ్‌డీఎమ్‌ఐ 1.4తో వచ్చినదే, మామూలు 5.1కి అది చాలు. యాంప్లిఫయర్ భాగం పదేళ్ళకి పాతబడదు, పాతబడేది హెచ్‌డీఎమ్‌ఐ బోర్డే. కోఠి గుజరాతీ గల్లీలోనో, తెలిసినవాళ్ళ దగ్గరో యమహా, డెనాన్, సోనీ పాతది మంచి స్థితిలో దొరికితే, ఐదు ఛానెళ్ళూ, ఆర్క్ పోర్టూ అక్కడే పెట్టించి విని, కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. మా వాడి ఇబ్బంది వేరు, ఏదైనా పాడైతే విశాఖ 115 కిలోమీటర్లు. అంత బరువు పెట్టె ఒళ్ళో పెట్టుకుని అనంతగిరి ఘాట్ మలుపులు దిగాలి. అందుకని వాడికి కొత్తదే, వారంటీతో.

ఆ వారంటీ కన్నా ముఖ్యమైనది కరెంటు. చిత్రమేమిటంటే ఆ కొండల్లోనే 1955లో మాచ్‌ఖండ్ జల విద్యుత్ కేంద్రం మొదలైంది, ఆ తర్వాత సీలేరు. రాష్ట్రానికి కరెంటిచ్చిన కొండల్లో మా వాడింట్లో సాయంత్రం ట్యూబ్‌లైటు వణుకుతూ వెలుగుతుంది. మంచి స్టెబిలైజర్‌కి బడ్జెట్‌లోంచే తీసి పక్కన పెట్టమన్నాను. ఇన్వర్టర్ మీద నడపాలంటే అది సైన్ వేవ్‌దై ఉండాలి, చవక స్క్వేర్ వేవ్‌దైతే రిసీవర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటుంది. ఆ నిశ్శబ్దంలో ఆ గుర్రు బాగా వినిపిస్తుంది. ఉరుములు మొదలైతే ప్లగ్గు పీకటం అందరికీ తెలుసు, డిష్ కేబుల్ పీకటం చాలామందికి తెలీదు. పిడుగు ఎక్కువసార్లు ఆ దారినే సెట్‌టాప్ బాక్సులోకీ, అక్కణ్ణుంచి హెచ్‌డీఎమ్‌ఐలోకీ వస్తుంది. ఇంకోటి, బల్లులు. వెచ్చగా ఉంటుందని పైన జాలీలోంచి లోపలికి దూరతాయి. గుడ్డ కప్పితే ఊపిరాడక రిసీవరే పోతుంది, నడవనప్పుడు మాత్రమే కప్పాలి.

పాటలకి 'స్టీరియో' లేదా 'డైరెక్ట్' మోడ్ పెట్టుకోవాలి. 'హాల్', 'స్టేడియం' లాంటివి ముట్టుకోవద్దు, మోరి మీద లేని ప్రతిధ్వని తగిలిస్తాయి. మైకు పెట్టి గదిని కొలిచే సదుపాయం ఉంటే వాన లేని రాత్రి చేసుకోవాలి. గచ్చు నేల మీద ఒక జంపఖానా పరిస్తే ఏ సెట్టింగూ ఇవ్వని తేడా వస్తుంది. ఇక స్పీకర్ వైర్లు.. 'ఆక్సిజన్ ఫ్రీ' అంటూ మీటరు వందలకి అమ్మేవి వద్దు, ఇంటి వైరింగుకి వాడే 1.5 స్క్వేర్ ఎమ్ఎమ్ రాగి వైరు చాలు. రాగి పూత పూసిన అల్యూమినియం అంటగడతారు, చాకుతో కొస గీకి చూసి తీసుకొమ్మన్నాను.