సన్నని ల్యాప్‌టాప్ భారం ఎవరి మీద?

ఖరీదైన ల్యాప్‌టాప్ అంటే ఇప్పుడు సన్నగా, తేలిగ్గా ఉండాలి. ప్రకటనలన్నీ మిల్లీమీటర్ల లెక్కే చెబుతాయి. వెనక మూత విప్పితే కనిపించే లెక్క వేరు. చాలావాటిలో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే సోల్డర్ చేసేస్తారు. కొన్నిట్లో స్టోరేజీ కూడా అంతే. మరికొన్నిట్లో బ్యాటరీని జిగురుతో అతికిస్తారు. కొన్నరోజు ఎంత మెమొరీ ఉందో, పారేసే రోజుకీ అంతే.

ఈ ధోరణికి గుర్తు ఆపిల్ 2012 జూన్‌లో తెచ్చిన రెటీనా మ్యాక్‌బుక్ ప్రో. మిషన్లు విప్పి చూసి, రిపేరు ఎంత సులువో మార్కులు వేసే ఐఫిక్సిట్ దానికి పదికి ఒక్క మార్కే ఇచ్చింది. తర్వాత చాలా కంపెనీల ఖరీదైన మోడళ్లు అదే దారి పట్టాయి.

మొదటి యజమానికి ఇదేమంత ఇబ్బంది కాదు. మూడు నాలుగేళ్లు వాడి మార్చేస్తాడు. ఆ మిషన్ సికింద్రాబాద్ సీటీసీ లాంటి మార్కెట్లకు చేరాకే అసలు సమస్య మొదలవుతుంది. మన వాడల నుంచి డిగ్రీకో ఇంజినీరింగ్‌కో వచ్చిన మొదటి తరం విద్యార్థి కొనగలిగేది చాలాసార్లు సెకండ్ హ్యాండ్‌దే. పాత థింక్‌ప్యాడ్ అయితే స్క్రూలు విప్పి ర్యామ్ పెంచుకోవచ్చు, హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ వేసుకోవచ్చు. స్కాలర్‌షిప్ పడినప్పుడు ఒకటి, చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు ఇంకొకటి.

2020లో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌ను చూడండి. 8 జీబీతో కొంటే ఎప్పటికీ 8 జీబీయే. 16 కావాలంటే కొనేటప్పుడే మన దేశంలో అదనంగా 20,000 రూపాయలు కట్టాల్సి వచ్చేది. 2024 అక్టోబర్‌లో ఆపిల్ తన మ్యాక్‌లన్నిటికీ 16 జీబీని కనీస స్థాయి చేసింది. 8 చాలదని చెప్పకనే చెప్పినట్టయింది. అప్పటికే అమ్ముడైన మిషన్లకు మాత్రం మామూలు షాపులో మెమొరీ పెంచే వీలు లేదు.

సన్నగా చేయాలంటే ఇది తప్పదన్నది కంపెనీల వాదన. ప్రాసెసర్‌ను ఆనుకుని మెమొరీ ఉంటే వేగం పెరుగుతుంది, కరెంటు ఆదా అవుతుంది. అందులో నిజం ఉంది. కానీ 2021లో వచ్చిన ఫ్రేమ్‌వర్క్ ల్యాప్‌టాప్ మందం 16 మిల్లీమీటర్ల లోపే. ఆ 2012 మ్యాక్‌బుక్ ప్రో 18. ఫ్రేమ్‌వర్క్‌లో ర్యామ్, స్టోరేజీ, బ్యాటరీ, చివరికి మదర్‌బోర్డు కూడా మార్చుకోవచ్చు. తక్కువ కరెంటుతో నడిచే మెమొరీని కూడా స్క్రూలతో బిగించవచ్చని 2024లో లెనోవో థింక్‌ప్యాడ్ పీ1 చూపించింది. ఇక బ్యాటరీ జిగురుతో కంప్యూటర్ వేగమేమీ పెరగదు.

ఆ జిగురు ప్రమాదం చివరికి ఎవరికి చేరుతుందో కూడా చూడాలి. అతికిన లిథియం బ్యాటరీని పెకలించేటప్పుడు చిల్లు పడితే మంటలు లేస్తాయి. ఢిల్లీ సీలంపూర్ లాంటి చోట్ల పాత కంప్యూటర్లను వట్టి చేతులతో విప్పేది పేద ముస్లింలు, దళితులు, వలస కూలీలు. సన్నదనం మీద ముచ్చటపడి కొన్నవాళ్లు వాళ్లు కాదు.

ఫ్రాన్స్ 2021 నుంచి ల్యాప్‌టాప్‌లు అమ్మేటప్పుడు రిపేరు మార్కులు చూపించాలంటోంది. 2027 ఫిబ్రవరి 18 నుంచి ఇలాంటి బ్యాటరీలను వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలని యూరోపియన్ యూనియన్ చట్టం చేసింది. మన దగ్గర 2022 జూలైలో కేంద్రం కమిటీ వేసింది, డిసెంబర్‌లో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెరిచింది. పోర్టల్‌లో సమాచారం దొరుకుతుంది. విడిభాగాలు అమ్మి తీరాలని కంపెనీలను కట్టడి చేసే చట్టం మాత్రం ఇంకా రాలేదు.

మేము అడిగేవి మూడు. ప్రతి ల్యాప్‌టాప్ పెట్టె మీద రిపేరు మార్కులు ఉండాలి. విడిభాగాలు, మాన్యువళ్లు వీధి చివరి రిపేరు షాపుకూ అందాలి. ప్రభుత్వాలు, యూనివర్సిటీలు ప్రజల డబ్బుతో కొనే ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ, మెమొరీ, స్టోరేజీ మార్చుకునేలా ఉండాలని టెండర్‌లోనే షరతు పెట్టాలి. మూడోదానికి ఢిల్లీ చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు, హైదరాబాద్, అమరావతి రేపే చేయొచ్చు.