గంధర్వుడు మాదాపూరులో పడినచో

విశ్వనాథ సత్యనారాయణగారి ‘హాహా హూహూ’ నవలలో రెక్కలు, గుఱ్ఱపుతల గల గంధర్వుడొకడు లండను నగరమున, ట్రఫాల్గర్ స్క్వేరులో పడును. గంధర్వుడు నేలకు దిగుట మన కథలకు క్రొత్త గాదు. శాపమువలన దిగును, అడవిలోనో కొలనులోనో పడియుండును, మహానుభావుని స్పర్శచే శాపము తీరి, నమస్కరించి వెడలిపోవును. ఈ నవలలో అడవి లేదు, ముని లేడు. దివ్యపురుషుని బోనులో పెట్టి, ఇది యే జాతి జంతువని పండితులు విచారింతురు. సంస్కృతము మాటలాడు ఆ ‘జంతువు’ తిరిగి వారి నాగరకతనే ప్రశ్నించును. వాదము కొన్నిచోట్ల కథకు అడ్డువచ్చిన మాట నిజమే. అయినను ఇట్టి ఊహ అరుదు.

హాహా, హూహూ అనునవి పురాణములలోని గంధర్వుల పేర్లు. పోతనగారి గజేంద్రమోక్షమున ఏనుగు కాలు పట్టిన మొసలి, దేవలుని శాపమునకు గుఱియైన హూహూ గంధర్వుడే. ఇది యెఱిగిన విద్యార్థి పుస్తకము పేరు చూచినంతనే నవ్వును. ఎఱుగనివానికి అవి రెండు వట్టి శబ్దములు.

సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైన పిమ్మట మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో పెరిగిన పిల్లలు ఇంగ్లీషు మాయాకథలు విరివిగా చదువుచున్నారు. చదువనిండు. రాకుమారి తానే రాక్షసుని గెలిచినచో వారు నవ్వగలరు. నిద్రించు రాకుమారి కథ వారికి ముందే తెలియును గదా! మన కథలయెడ ఆ ముందటి మెట్టే లోపించినది. తెలంగాణలో 2018 నాటి చట్టము పాఠశాలలలో తెలుగును తప్పనిసరి చేసినది. చట్టము వాచకమును తేగలదు గాని కథ చెప్పవలసినది ఉపాధ్యాయుడే. ప్రతిపదార్థములు వ్రాయించి, మొసలి యెవరో చెప్పకయే ముగించిన పాఠములెన్ని!

ఉపాధ్యాయులకు మాదొక విన్నపము. గజేంద్రమోక్షము చెప్పిన మరునాడు ఈ నవలలోని నాలుగు పుటలు తరగతిలో బిగ్గరగా చదువుడు. పిమ్మట విద్యార్థుల నడుగుడు: ఆ గంధర్వుడు సైబర్ టవర్స్ ఎదుట పడినచో ఏమగును? కావలివాడు గుర్తింపుకార్డు అడుగునా? ఫోటోలు తీయువారెందఱు, మంచినీళ్లిచ్చువారెందఱు? దుర్గం చెరువు దగ్గఱలోనే యున్నది. మొసలిజన్మ జ్ఞప్తికి వచ్చి అటు నడచునా? పిల్లల సమాధానములు మాకు పంపినచో ఈ పుటలలోనే ప్రకటింతుము.